తోడుకునే దాకా ఆగని పరీక్ష

రాత్రి పడుకోబోయే ముందు అమ్మ గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి, కలిపి, మూత పెడుతుంది. తెల్లవారేసరికి గిన్నెడు పాలూ గడ్డ పెరుగైపోతాయి. ఆ చెంచాడు పెరుగులో ఉన్న బాక్టీరియాలు రాత్రంతా పాలలోని చక్కెరను తింటూ, ఆమ్లాన్ని తయారుచేస్తూ, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ వచ్చాయన్నమాట. తోడు వేసిన గంటకే మూత తీసి చూస్తే ఏం కనిపిస్తుంది? పాలే! లోపల పని మాత్రం జరుగుతూనే ఉంటుంది. అది మన కంటికి తెలియాలంటే తెల్లవారే దాకా ఆగాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. మన పేగుల్లో ఇ. కోలై అనే బాక్టీరియా ఉంటుంది. తిండీ, వెచ్చదనమూ బాగా అమరితే అది 20 నిమిషాలకొకసారి చీలుతుంది. అంటే గంటకు 3 సార్లు, 10 గంటల్లో 30 సార్లు. ఒకటితో మొదలుపెట్టి 30 సార్లు రెట్టింపు చేసి చూడండి. 2, 4, 8, 16 అంటూ మెల్లగా బయలుదేరిన ఆ సంఖ్య చివరికి 107 కోట్లు దాటుతుంది! నిజంగా అయితే మధ్యలో తిండి అయిపోయి ఈ పెరుగుదల ఆగిపోతుందనుకోండి. అయినా 30 అనే ఈ అంకెను గుర్తుంచుకోండి. దీనితో మనకు మళ్ళీ పని పడుతుంది.

పెరుగు కోసమైతే తెల్లవారే దాకా ఆగడానికి మనకు అభ్యంతరం లేదు. కాని ఆసుపత్రిలో చేరిన ఒక రోగి శరీరంలో మందులకు లొంగని బాక్టీరియా ఉన్నదా, లేదా అని తేల్చడానికి కూడా ఇలాగే అది పెరిగే దాకా ఆగవలసి వస్తే? ఆ లోపల ఏమేమి జరగవచ్చు?

ఒక ఆసుపత్రి కథ

అమెరికాలో వాషింగ్టన్ నగరం ప్రక్కన బెథెస్డా అనే ఊరు ఉంది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలకు ఒక పెద్ద పరిశోధనా ఆసుపత్రి ఉంది. 2011 జూన్ నెలలో న్యూయార్కులోని ఒక ఆసుపత్రి నుండి ఒక స్త్రీని అక్కడికి తీసుకొచ్చారు. ఆమె శరీరంలో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా ఉన్నది. అది మామూలు క్లెబ్సియెల్లా కాదు. మిగతా మందులు పనిచేయనప్పుడు వైద్యులు చివరగా అందుకునే కార్బాపెనెమ్ అనే జాతి మందులకు కూడా లొంగని రకం.

సంగతి ముందే తెలుసు కనుక ఆసుపత్రివారు జాగ్రత్తపడ్డారు. ఆమెను విడి గదిలో ఉంచారు. లోపలికి వెళ్ళేవారంతా గౌనులు, చేతి తొడుగులు వేసుకునే వెళ్ళారు. నెల రోజుల తర్వాత ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. గండం గడిచిందనే అందరూ అనుకున్నారు.

మూడు వారాలు గడిచాయి. అప్పుడు మరొక రోగిలో అదే జాతి బాక్టీరియా బయటపడింది! తరువాత ఇంకొకరిలో, ఆ తరువాత మరొకరిలో. చివరికి లెక్క తేలేసరికి ఆ ఏడాది మొత్తం 18 మంది రోగులకు అది అంటుకుంది. వారిలో 11 మంది మరణించారు. అందులో ఆరుగురి మరణానికి ఈ బాక్టీరియాయే కారణమని వైద్యులు నిర్ణయించారు.

ఇంటికి వెళ్ళిపోయిన మనిషి నుండి మూడు వారాల తర్వాత జబ్బు ఎలా వచ్చింది? లేక ఇది వేరే దారిన వచ్చిన వేరే బాక్టీరియానా? దీన్ని తేల్చడానికి శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయం చేశారు. క్లాసులో ఒక విద్యార్థి నోట్సు చూచి ఇంకొకడు, వాడిది చూచి మరొకడు రాసుకున్నారనుకోండి. ఎవరు ఎవరిది చూచి రాశారో మాస్టారు ఎలా పట్టుకుంటారు? తప్పులను బట్టి! ఒకడు చేసిన అక్షరదోషం తరువాతివాడి పుస్తకంలోకి కూడా దిగుతుంది కదా. బాక్టీరియా కూడా చీలేటప్పుడల్లా తన డి.ఎన్.ఏ.ను తిరగరాసుకుంటుంది. దాదాపు 60 లక్షల అక్షరాల రాత అది. ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పడుతుంది. శాస్త్రజ్ఞులు ఒక్కొక్క రోగి నుండి తీసిన బాక్టీరియా రాతనంతా చదివి, తప్పులను పోల్చి చూచారు. అన్నీ ఆ మొదటి స్త్రీ నుండి వచ్చినవే! ఆమె నుండి మూడు వేర్వేరు సార్లు అది ఇతరులకు ప్రాకిందని తేలింది.

మరి ఆ మూడు వారాలూ అది ఎక్కడ దాగింది? కొందరు రోగుల ఒంట్లో, జబ్బు లక్షణాలేవీ చూపించకుండా!

మోసేవారికి తెలియని మోత

ఈ విషయం ముఖ్యమైనది. బాక్టీరియా ఒంట్లో ఉండటం వేరు, దాని వల్ల జబ్బు చేయడం వేరు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాను తీసుకోండి. పదిమంది ఆరోగ్యవంతుల ముక్కు రంధ్రాలు పరీక్షిస్తే దాదాపు ముగ్గురిలో అది కనిపిస్తుంది. మీ క్లాసులో 40 మంది ఉంటే పన్నెండు మంది ముక్కులలో అది హాయిగా కాపురం చేస్తూ ఉండవచ్చు! వారికి జబ్బూ లేదు, జ్వరమూ లేదు. ఇలాంటి వారిని వాహకులు అంటారు.

మరి ఆసుపత్రిలో ఎందుకంత భయం? అక్కడ రోగుల ఒంట్లోకి తలుపులు తెరిచి ఉంటాయి. ఆపరేషను గాయం ఒక తలుపు. రక్తనాళంలో పెట్టిన సూది ఒక తలుపు. మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం ఇంకొకటి. ముక్కులోనో, పేగులోనో ఊరకే పడి ఉన్న బాక్టీరియా ఆ దారిన రక్తంలోకి జొరబడితే ప్రాణానికే ముప్పు. వాహకుడి దగ్గరనుండి నర్సు చేతుల మీదుగా ప్రక్క మంచానికి చేరినా అంతే.

మందును ఓడించే ఎత్తులు

1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్ను కనుగొన్న కథ మీకు తెలిసే ఉంటుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలోనే, 1948లో, అక్కడ ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వెలువడింది. ఒకదాని వెంట ఒకటిగా ఇన్ని మందులు వస్తుంటే, ఇక అంటురోగాల పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు.

కాని బాక్టీరియాలు ఊరుకోలేదు. పెన్సిలిన్ బజారులోకి రాకముందే, 1940లో, దాన్ని ముక్కలు చేసే ఎంజైమును కొన్ని బాక్టీరియాలు తయారుచేస్తున్నాయని ఏబ్రహాం, చెయిన్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఈ ఎంజైమును ఒక కత్తెర అనుకోండి. ఆ కత్తెరకు తెగని మెథిసిలిన్ అనే మందును 1959 ప్రాంతంలో తయారుచేశారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1961లో, దానికీ లొంగని స్టెఫిలోకాకస్ ఇంగ్లండులో కనబడిందని పెట్రీషియా జెవన్స్ అనే శాస్త్రజ్ఞురాలు ప్రకటించింది. ఈ రకం బాక్టీరియా కత్తెరను నమ్ముకోలేదు. మందు వచ్చి అతుక్కునే తాళం కప్పనే మార్చేసుకుంది! మెక్-ఏ అనే జన్యువు దానికి ఈ కొత్త తాళం కప్పను ఇస్తుంది. ఈ రకాన్నే పొట్టిగా ఎం.ఆర్.ఎస్.ఏ. అంటారు.

బెథెస్డా క్లెబ్సియెల్లా దగ్గర ఉన్నది మళ్ళీ కత్తెరే. కాకపోతే అది కార్బాపెనెమ్‌లను కూడా కత్తిరించగల పదునైన కత్తెర. ఇంకో చిక్కు ఏమిటంటే ఇలాంటి కత్తెరల జన్యువులను బాక్టీరియాలు ఒకదానికొకటి అందించుకోగలవు. ఒక జాతి బాక్టీరియా వేరొక జాతికి కూడా ఇవ్వగలదు!

రెండు రాత్రుల పరీక్ష

ఇప్పుడు పరీక్ష సంగతికి వద్దాం. పాత పద్ధతి ఇలా ఉంటుంది. దూది చుట్టిన పుల్లతో రోగి ముక్కు లోపలగాని, మలద్వారం దగ్గరగాని తుడుస్తారు. ఒక గుండ్రని పళ్ళెంలో అగార్ పోసి ఉంచుతారు. అగార్ అంటే సముద్రపు నాచు నుండి తీసే జిగురు. అందులో బాక్టీరియాలకు కావలసిన తిండి కలిపి ఉంటుంది. పుల్లను దానిమీద రాసి, మన ఒంటి వేడిలో, అంటే సుమారు 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచుతారు. ఒక్కొక్క బాక్టీరియా కోట్లుగా పెరిగి, ఆవగింజంత చుక్కగా కనిపిస్తుంది. అమ్మ వేసిన తోడు లాగే!

అక్కడితో అయిపోలేదు. ఏ బాక్టీరియా పెరిగిందో చూడాలి. దాన్ని ఇంకో పళ్ళెం నిండా పరచి, వేర్వేరు మందులు పీల్చుకున్న కాగితపు బిళ్ళలను పైన ఉంచాలి. ఇంకో రాత్రి ఆగాలి. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగక ఖాళీ వలయం ఏర్పడుతుంది. మందుకు లొంగని రకమైతే బిళ్ళ అంచుదాకా దట్టంగా పెరుగుతుంది. చూడముచ్చటైన పరీక్షే. కాని రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఆ రోగి వార్డులో ఎన్ని చేతులు తాకి ఉంటాయో ఆలోచించండి!

రంగు చెప్పే సంగతి

మరి త్వరపడటం ఎలా? మొదటి ఉపాయం, అగార్‌లోనే ఒక ప్రత్యేక రసాయనాన్నీ, మందునూ కలిపి ఉంచడం. మందు ఉన్నది కనుక దానికి లొంగేవి చాలావరకు పెరగవు. లొంగనివి పెరుగుతూ రసాయనాన్ని విడగొట్టడంతో ఆ చుక్కలకు రంగు వస్తుంది. రెండు రాత్రుల పని చాలాసార్లు ఒక రాత్రిలో తేలిపోతుంది.

రెండవ ఉపాయాన్ని 2012లో ఫ్రాన్సుకు చెందిన నార్డ్‌మన్, పోయిరెల్ బృందం ప్రకటించింది. మీ పాఠశాలలో ఆమ్లానికి రంగు మారే లిట్మస్ కాగితం చూచారు కదా. ఇదీ అలాంటిదే. పెరిగిన బాక్టీరియాను చిదిపి, ఫినాల్ రెడ్ అనే ఎర్ర రంగు ద్రవంలో వేసి, కార్బాపెనెమ్ మందు కలుపుతారు. బాక్టీరియా దగ్గర కత్తెర ఉంటే మందు తెగుతుంది, ఆమ్లం పుడుతుంది, ఎరుపు పసుపుగా మారుతుంది. రెండు గంటలలోపే జవాబు వస్తుంది! కాని దీనికి పరీక్షించవలసిన బాక్టీరియాను ముందుగా పెంచి ఉండాలి. అంటే మొదటి రాత్రి తప్పదన్నమాట.

బాక్టీరియాను కాదు, జన్యువును పెంచుదాం

ఆ మొదటి రాత్రిని కూడా తప్పించాలంటే? బాక్టీరియా మొత్తాన్ని పెంచే బదులు, మనకు కావలసిన ఒక్క జన్యువును మాత్రమే పెంచితే సరిపోదా?

ఈ ఆలోచనకు ఆధారం 1983లో కేరీ మల్లిస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించిన పి.సి.ఆర్. పద్ధతి. డి.ఎన్.ఏ. రెండు పోగులు పెనవేసిన తాడు వంటిది. దానిని దాదాపు 95 డిగ్రీల దాకా వేడిచేస్తే పోగులు విడిపోతాయి. కొంచెం చల్లబరిస్తే, మనం కలిపిన చిన్న డి.ఎన్.ఏ. ముక్కలు వెదకిన జన్యువుకు అటొకటి ఇటొకటి అతుక్కుంటాయి. ఆ జన్యువు అక్కడ లేకపోతే అతుక్కోవు! అతుక్కున్న చోటునుండి ఒక ఎంజైము పని ప్రారంభించి, ఒక్కొక్క పోగుకు జతను నేస్తుంది. ఒక తాడు రెండు తాళ్ళయింది. మళ్ళీ వేడి, మళ్ళీ చల్లన. రెండు నాలుగవుతాయి.

అంత వేడికి ఎంజైము ఉడికిపోదా? మామూలు ఎంజైమైతే పాడైపోతుంది. కాని అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో జీవించే ఒక బాక్టీరియాను 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. దాని ఎంజైము వేడికి బెదరదు. ఆసుపత్రికి ఏ సంబంధమూ లేదనిపించే వేడినీటి బుగ్గ రోగుల పరీక్షకు అక్కరకొచ్చింది!

ఇప్పుడు మన 30 అంకెను గుర్తుకు తెచ్చుకోండి. ఇ. కోలై 30 సార్లు రెట్టింపు కావడానికి 10 గంటలు పట్టింది. ఈ యంత్రంలో జన్యువు 30, 40 సార్లు రెట్టింపు కావడానికి గంట లోపల సమయం చాలు. ప్రతి కొత్త తాడుకూ కాస్త వెలుగు వచ్చేలా ఒక రసాయనం కలుపుతారు. వెలుగు పెరిగితే జన్యువు ఉన్నట్లు, పెరగకపోతే కనబడనట్లు. ఈనాడు దూది పుల్లను కడిగిన ద్రవాన్ని ఒక చిన్న పెట్టెలో పోసి యంత్రంలో ఉంచితే, ఎం.ఆర్.ఎస్.ఏ. ఉన్నదో లేదో, కార్బాపెనెమ్ కత్తెర జన్యువు ఉన్నదో లేదో సుమారు గంటలో తెలుస్తుంది. తోడుకునే దాకా ఆగనక్కరలేదు!

త్వరగా చెప్పేది అంతా చెప్పదు

అయితే పాత పళ్ళాలను పారవేయవచ్చునా? వీల్లేదు. ఎందుకంటే ఈ యంత్రం తనను అడిగిన జన్యువులనే వెదుకుతుంది. కొత్త రకం కత్తెర పుట్టుకొస్తే దానికి తెలియదు. చచ్చిపోయిన బాక్టీరియా డి.ఎన్.ఏ. మిగిలి ఉన్నా 'ఉన్నది' అనే చెబుతుంది. ఏ మందు పనిచేయదో చెప్పగలదుగాని, ఏ మందు పనిచేస్తుందో పూర్తిగా చెప్పలేదు. అది కావాలంటే బాక్టీరియాను పెంచి, మందు బిళ్ళలు పెట్టి చూడవలసిందే. ఖర్చు కూడా ఎక్కువే. కాబట్టి వేగం కోసం ఒకటి, వివరం కోసం మరొకటి. రెండూ కావాలి.

తెలిశాక ఏం చేయాలి?

పరీక్ష ఒక్కటే ఎవరినీ కాపాడదు. తెలిసిన తరువాత చేసే పనే కాపాడుతుంది. నెదర్లాండ్స్ దేశంలో 1980ల నుండి 'వెదుకు, నిర్మూలించు' అనే పద్ధతిని పాటిస్తున్నారు. విదేశపు ఆసుపత్రిలో ఉండి వచ్చినవారు, పందుల పెంపకం చేసేవారు వంటి వారు ఆసుపత్రిలో చేరితే ఎం.ఆర్.ఎస్.ఏ. ఉన్నదేమో పరీక్షించి, లేదని తేలేదాకా విడిగా ఉంచుతారు. ఉంటే ముక్కుకు మలాము, ఒంటికి క్రిమినాశక ద్రవంతో స్నానం. ఆ దేశంలో రోగుల రక్తంలో దొరికే స్టెఫిలోకాకస్ ఆరియస్‌లో మెథిసిలిన్‌కు లొంగనివి నూటికి ఒకటి రెండుకు మించడం అరుదు.

ఇక్కడ త్వరిత పరీక్షకు ఇంకో ప్రయోజనం చూడండి. విడి గదులు ఏ ఆసుపత్రిలోనైనా కొద్దిగానే ఉంటాయి. జవాబుకు మూడు రోజులు పడితే, బాక్టీరియా లేని మనిషి కూడా మూడు రోజులు ఒంటరిగా ఉండాలి. గంటలో తెలిస్తే ఆ గది అవసరమైనవారికి దక్కుతుంది.

బెథెస్డాలో కూడా చివరికి రోగులందరినీ, జబ్బు ఉన్నా లేకున్నా, మళ్ళీ మళ్ళీ పరీక్షించడం మొదలుపెట్టారు. వాహకులను వేరుచేశారు. గదులను క్రిమినాశక ఆవిరితో శుద్ధిచేశారు. నీళ్ళ తొట్టెల గొట్టాల్లో కూడా ఆ బాక్టీరియా దొరికింది! 2011 చివరికి వ్యాప్తికి అడ్డుకట్ట పడింది. అయినా 2012లో మరొక రోగికి అది సోకి ప్రాణం తీసింది. ఇది ఎంత మొండిదో దీనిని బట్టి తెలుస్తుంది.

మన దేశంలో

ఈ సమస్య మనకు దూరమైనది కాదు. మరో కార్బాపెనెమ్ కత్తెర పేరు ఎన్.డి.ఎం. న్యూఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్ళిన ఒక రోగిలో కనబడిన దీనిని 2009లో ప్రకటించారు. దానికి మన రాజధాని పేరు పెట్టడం మీద అభ్యంతరాలు వచ్చాయి. పేరు ఏదైనా, ఇప్పుడది అనేక దేశాలలో ఉన్నది. బాక్టీరియాలకు సరిహద్దులు లేవు మరి!

మన శాస్త్రజ్ఞులూ ఊరక కూర్చోలేదు. క్షయ బాక్టీరియా ఒకసారి చీలడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. దానిని పెంచి పరీక్షించాలంటే వారాలు కావాలి. మన దేశంలోనే తయారైన ట్రూనాట్ అనే యంత్రం బ్యాటరీతో కూడా పనిచేస్తూ, క్షయ ఉన్నదా, అది రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా అన్నది పి.సి.ఆర్. పద్ధతిలోనే కొద్ది గంటలలో చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ఆమోదించింది.

మరి మీ వంతు? ఇంట్లో మందు బిళ్ళల అట్టలను ఒకసారి చూడండి. కొన్నిటి మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. వైద్యుని చీటీ లేకుండా వీటిని వాడరాదని ఆ గీతకు అర్థం. 2016లో కేంద్ర ప్రభుత్వం దీనిపై ప్రచారం చేపట్టింది. జలుబుకు కారణం వైరస్. దానిమీద యాంటీబయోటిక్ పనిచేయదు. చాలీచాలని మోతాదులో వాడితే బాక్టీరియాలకు తట్టుకోవడం నేర్పినట్లవుతుందని ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ బహుమతి అందుకున్న సందర్భంలో హెచ్చరించాడు.

మీరు చేసి చూడండి

రెండు ఒకే రకం గిన్నెలలో సమానంగా గోరువెచ్చని పాలు పోయండి. ఒకదానిలో ఒక చెంచాడు పెరుగు, రెండవ దానిలో అరచెంచాడు వేసి కలపండి. రెండింటినీ ఒకేచోట ఉంచి, మూడు గంటల తరువాత నుండి అరగంటకొకసారి కదపకుండా చూచి, ఏది ఎప్పుడు తోడుకున్నదో రాసుకోండి. తోడు సగమైంది కనుక సమయం రెట్టింపు అవుతుందా?

కాదు! కొద్దిగా మాత్రమే ఆలస్యమవుతుంది. ఎందుకో మీరే చెప్పగలరు. సగంతో మొదలైన బాక్టీరియా ఒక్కసారి చీలితే చాలు, మొదటి గిన్నె బయలుదేరిన చోటుకు వచ్చేస్తుంది.

చేతులు సబ్బుతో కడుక్కునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. వేళ్ళ కొసలు తడిపి సగం బాక్టీరియాలను వదిలించుకుంటే, మనకు కలిసివచ్చేది ఒక్క చీలిక కాలమే. ఇ. కోలై అయితే 20 నిమిషాలు!